మనస్సునకు తూనికరాళ్లు

సంక్రాంతి వెళ్లిన పిమ్మట ఒక యుదయమున గుంటూరు మిరపయార్డునకు పోయి చూడుడు. కొండలవలె పేర్చిన టిక్కీల నడుమ కొనుగోలుదారు నడచుచు, ఒక బస్తా మూతి విప్పించి, పిడికెడు కాయలు తీసి, ఒకదానిని విరిచి, గింజ చూచి, వాసన పట్టి, రంగు మాసినవానిని వేరు చేయును. ఆ వేరుచేసినదానికి తాలని పేరు. ఎఱ్ఱని కాయకు ఒక ధర, తాలునకు మఱియొక ధర. రైతు సంవత్సరపు కష్టమంతయు ఆ విరిచిన కాయతో తేలిపోవును. ఈ పరీక్షయందు అన్యాయము లేదని నేననను. కాని దానిలో ఒక్క యూరట కలదు: తన్ను తాలనిరని కాయకు తెలియదు.

మన పిల్లలకు తెలియును. వారిని కూడ నేడు మనము అట్లే విరిచి చూచుచున్నాము. బుద్ధిపరీక్ష యని, అభిరుచిపరీక్ష యని, వ్యక్తిత్వపరీక్ష యని, పేరేదైన నేమి, ఒక గంటలో ఒక కాగితముపై ఒక అంకె వేయించి, ఆ యంకెను పిల్లవాని నొసట వ్రాసి యింటికి తెచ్చుకొనుచున్నాము. మనశ్శాస్త్రపరీక్షలు చెడ్డవని చెప్పుటకు నేనీ వ్యాసము వ్రాయుటలేదు. అవి సాక్షులు, మనము వానిని న్యాయాధిపతులను జేసి కూర్చుండబెట్టినాము. ఈ యొక్క తప్పువలన ఎన్ని యిండ్లలో ఎంత కీడు కలుగుచున్నదో చెప్పుటయే నా పని.

నా యెరిగిన యొక కుటుంబము కలదు. చిలకలూరిపేట చేరువ పల్లెలో ప్రత్తి, మిరప పండించుకొను వారు. వారి రెండవ కుమారునకు తొమ్మిదేండ్లు. తండ్రివెంట యార్డునకు పోయి ముప్పది టిక్కీల తూకము నోటిలెక్కతో కూడి చెప్పగలవాడు. అట్టివాడు బడిలో మూగవలె కూర్చుండును, పిలిచిన పలుకడు, చెప్పినది వ్రాయడు. బడివారు బుద్ధిపరీక్ష చేయింపుడనిరి. పట్టణములో ఒక సలహాకేంద్రమున, వీథిమ్రోత వినబడు గదిలో, సగము ఇంగ్లీషు సగము తెనుగుగా నడిగిన ప్రశ్నలకు వాడు బిక్కమొగము వేసెను. కాగితముపై 68 అని వ్రాసి యిచ్చిరి. మందబుద్ధి యని దాని క్రింద ఒక మాట. అంతే.

ఆ సాయంకాలము వాని తాత నాతో, "మావోడు తాలుకాయంటండీ" అనెను. పిల్లవాడు గుమ్మములోనే నిలిచియుండెను. రెండేండ్లు వాని నెవరును బడిలో ప్రశ్న యడుగలేదు. ఇంటిలో పుస్తకము పట్టుమనలేదు. పిమ్మట మఱియొక చోట, శిక్షణ పొందిన యొక మనశ్శాస్త్రజ్ఞురాలు ఆ తల్లిని గంటసేపు మాటలాడించి, ప్రశ్నపత్రము తెరువకముందే, "వీనికి చెవి కారునా అమ్మా?" అని యడిగెను. కారును. మూడవ యేటినుండి కారుచునే యున్నది. చెవివైద్యుడు చూచి రెండు చెవులకును వినికిడి తగ్గినదని తేల్చెను. వానికి బుద్ధి తక్కువ కాదు, ప్రశ్న వినబడలేదు! బుద్ధిపరీక్షకు ముందు చూపును, వినికిడిని పరీక్షింపవలెనన్నది ఈ శాస్త్రమున మొదటి పాఠములలో నొకటి. ఆ మొదటి పాఠము తప్పినందులకు ఒక పిల్లవాని రెండేండ్లు పోయినవి. చెవికి మందు దొరకినది గాని, ఆ రెండేండ్లకు మందెక్కడ దొరకును? నేటికిని వాడు క్రొత్తవారు ప్రశ్న వేసినచో ముందు తల్లి మొగము చూచును.

ఇక మన పట్టణములలో తిరుగుచున్న మొదటి మోసమును చెప్పెదను. పిల్లల పది వ్రేళ్లముద్రలు తీసికొని, యంత్రములో వేసి, వీడు వైద్యుడగును, వీడు ఇంజనీరగును, దీనికి లెక్కలు రావు, సంగీతము వచ్చునని రంగురంగుల కాగితముల పుస్తక మిచ్చు వర్తకము కలదు. వేల రూపాయలు పోసి తల్లిదండ్రులు దానిని కొనుచున్నారు. వ్రేలిముద్రల గీతలు తల్లిగర్భముననే యేర్పడును, నిజమే. అందువలన అవి బుద్ధిని దెలుపునని యెట్లు వచ్చును? కంటిరంగు కూడ పుట్టుకతో వచ్చినదే గదా, దానిని జూచి లెక్కలలో మార్కులు చెప్పుదుమా? వారు తమ వ్యాపారమునకు అండగా హోవార్డు గార్డ్నరు 1983లో ప్రకటించిన బహువిధబుద్ధుల సిద్ధాంతమును చూపుదురు. ఆయన సిద్ధాంతము సరియైనదా కాదా యన్నది వేరుమాట. ఆయన దానిని వ్రేలిముద్రలపై మాత్రము నిలుపలేదు. ఈ పరీక్షకు శాస్త్రాధారము లేదని భారత మనోవైద్యుల సంఘమే చెప్పినది.

జాతకములను త్రోసిపుచ్చితిమని గర్వించు విద్యావంతుల యిండ్లలోనే యీ క్రొత్తజాతకము పూజలందుకొనుచున్నది. పెండ్లికి నక్షత్రము చూపించుట మూఢత్వమని వాదించు పెద్దమనుష్యుడు కూతురి చదువునకు వ్రేలిముద్ర చూపించుచున్నాడు. తాటాకు పోయి కంప్యూటరు వచ్చినంత మాత్రమున సోది శాస్త్రమగునా? పాతజోస్యుడు శాంతిచేసిన గ్రహము తొలగునని యొక దారియైన చూపెడివాడు. ఈ క్రొత్తవాడు నీ వ్రేలిలోనే నీ గతి చెక్కియున్నదనుచున్నాడు. వ్రేలు మార్చుకొనుట యెట్లు?

ఇది పూర్తిగా కల్ల గావున దీనిని ఖండించుట సులభము. అంతకంటె ప్రమాదకరమైనది నిజమైన పరీక్షను తప్పుగా వాడుట. నిజమైన పరీక్షల పుట్టుక ఎట్టిదో చూతము. ఫ్రాన్సుదేశమున ఆల్‌ఫ్రెడ్ బినే, సిమోను అనువారు 1905లో మొదటి బుద్ధిమాపకమును సిద్ధపరచిరి. బడిలో వెనుకబడు పిల్లలకు ప్రత్యేకముగా సాయము చేయవలసినవారెవరో తెలిసికొనుటకే అది పుట్టినది. బుద్ధి మారని కొలత యని చెప్పువారిని బినే తానే 1909లో తీవ్రముగా నిరసించెను. సాయము చేయుటకు పుట్టిన కొలకఱ్ఱ సముద్రము దాటగానే వెలివేయుటకు బెత్తమైనది. అమెరికాలో ఇట్టి పరీక్షల యంకెల యండతో కొందరిని బుద్ధిహీనులని ముద్రవేసి, వారికి సంతానము కలుగకుండ బలవంతముగా శస్త్రచికిత్స చేయుట న్యాయమేయని ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము 1927లో తీర్పు చెప్పినది. 1979లో కాలిఫోర్నియాలో ఒక న్యాయస్థానము, తెల్లవారి పిల్లల రీతిగా తయారైన బుద్ధిపరీక్షలతో నల్లజాతి పిల్లలను మందబుద్ధుల తరగతులకు పంపుట అన్యాయమని నిషేధించినది. ఈ రెండు తీర్పుల నడుమ గడచిన యర్ధశతాబ్దములో ఎందరి బ్రదుకులు చెడినవో!

మన దేశమునకు ఈ పరీక్షలు 1920 దశకముననే వచ్చినవి. లాహోరులో హెర్బర్టు రైసు హిందుస్తానీలో బినే పరీక్షను తయారుచేసెను. పిమ్మట వి. వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకై దానిని మార్చెను. చదువురాని పిల్లలకు గూడ పనికివచ్చునట్లు చెక్కముక్కలతో, చిత్రములతో సి. ఎం. భాటియా యొక పరీక్షను 1955లో ప్రకటించెను. వీరందరును మాన్యులు. పరదేశపు ప్రశ్నను ఉన్నదున్నట్లు మన పిల్లవాని ముందుంచరాదని గ్రహించినవారు. ఆ గ్రహింపునే మనము మరచినాము. ఏ పిల్లలను జూచి యీ పరీక్షకు ప్రమాణము కట్టిరి? ఏ సంవత్సరమున కట్టిరి? ఏ భాషలో కట్టిరి? ఈ మూడు ప్రశ్నలు అడుగని చోట అంకెకు అర్థమే లేదు. కన్నడపు కుంచముతో కొలిచి తెనుగుధాన్యము తక్కువయినదనుట యెట్టి న్యాయము?

అంకె యనగా నేమో కూడ తల్లిదండ్రులకు ఎవ్వరును చెప్పరు. ఆ వయస్సు పిల్లల సగటును 100గా పెట్టుకొని, దానికి ఎంత దూరమున నున్నాడో చెప్పుటయే బుద్ధిలబ్ధి. ప్రతి కొలతకును తప్పు కలదు. మంచిపరీక్షలోను నాలుగైదు అంకెలు అటునిటు కదలును. కాబట్టి 68 అనగా 63 కావచ్చును, 73 కావచ్చును. 70కి క్రిందనా మీదనా యన్న గీతపై ఒక బిడ్డ భవిష్యత్తును కోయుట కత్తితో నీటిని కోయుటవంటిది. అంతియే కాదు. అంకె తక్కువయైనంత మాత్రమున బుద్ధిమాంద్యమని శాస్త్రము చెప్పదు. బట్ట తానే కట్టుకొనునా, అంగడికి పోయి సరకు తెచ్చునా, డబ్బు లెక్క తెలియునా, తోటివారితో మెలగునా యన్న దైనందిన వ్యవహారమును వేరుగా పరిశీలించి, రెండును తక్కువైనచో, అదియు బాల్యమునుండి యుండినచో మాత్రమే ఆ మాట యనవలెను. ముప్పది టిక్కీల లెక్క నోట కూడిన పిల్లవాని విషయమున ఈ రెండవ ప్రశ్నను అడిగినవా రెవరు?

ఇక నాకెదురుగా వచ్చు వాదమొకటి కలదు. "ఇన్ని లోపములున్నచో ఈ పరీక్షలే వలదనరాదా? మా తాతలనాడు ఇవి యున్నవా?" యని పెద్దలు కొందరందురు. వారికి నా జవాబు స్పష్టము. తాతలనాడు పరీక్ష లేదు గాని బెత్తముండెను, గోడకుర్చీ యుండెను. అక్షరము తిరుగబడి కనబడు పిల్లవానిని సోమరివని కొట్టిరి. దిగులుతో తిండిమానిన కోడలికి దయ్యము పట్టినదని వేపమండలతో బాదిరి. పరీక్ష లేనిచోట దయ యుండెననుట వట్టి భ్రమ. సరియైన పరీక్ష జరిగినచో, చదువులో మాత్రమే చిక్కుపడు బిడ్డకు బుద్ధి సరిగానే యున్నదని తేలును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధముల వైకల్యములను గుర్తించి, వానిలో ఈ యభ్యసనలోపమును కూడ చేర్చినది. తగిన ధ్రువపత్రమున్నచో ఆ బిడ్డకు పరీక్షలలో అదనపు కాలము, వ్రాయు సహాయకుడు మొదలగు సౌకర్యములు దొరకును. సికిందరాబాదున 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యముగల బిడ్డల పరీక్షకును, శిక్షణకును, ఉపాధ్యాయుల తర్ఫీదునకును పనిచేయుచున్నది. "మా బిడ్డకు పిచ్చియా?" యని కోపించి ఈ సాయమును దూరముచేయు తండ్రి, అంకెను నమ్మి బిడ్డను మూలకు త్రోయు తండ్రికంటె మేలైనవాడు కాడు. ఇద్దరును బిడ్డను చూచుట మానినవారే.

పెద్దల మనోవ్యథను కొలుచుటకును ఇప్పుడు ప్రశ్నల పట్టికలు వచ్చినవి. వానిలో ప్రపంచమంతట వ్యాపించినది తొమ్మిది ప్రశ్నల పట్టిక. గడచిన రెండు వారములలో నిద్ర యెట్లున్నది, ఆకలి యెట్లున్నది, చేయుపనిలో ఆసక్తి కలదా, చావవలెనన్న తలపు వచ్చినదా యని అడిగి, ఒక్కొక్కదానికి సున్న మొదలు మూడు వరకు వేసి, ఇరువదియేడింటికి లెక్కింతురు. చిన్నదైనను మంచి పనిముట్టే. కాని దానిని మన యిండ్లలో ఎట్లు వాడుచున్నారు? అత్తగారు ప్రక్కన కూర్చుండగా కోడలిని "నీకు విచారముగా నున్నదా?" యని అడిగిన ఆమె "లేదండి" అనును. ఆమెయే ఏకాంతమున "ఒళ్లంతా మంటలు, గుండె దడ, తల మీద బండ పెట్టినట్టుంటది" అనును. మన పల్లెలలో దుఃఖము తన పేరుతో రాదు. ఒంటినొప్పి పేరుతో వచ్చును. ఆ భాష తెలియనివాడు సున్నలు వేసికొని వెళ్లిపోవును. సున్న వేయబడిన యిల్లాలు ఆ రాత్రి ఏమగునో పట్టికకు తెలియదు.

మగవారి సంగతియు నింతే. 1987-88లో తెల్లదోమ ప్రకాశము, గుంటూరు మండలముల ప్రత్తిని పీల్చివేసినప్పుడు, పురుగునకు తెచ్చిన మందును తామే త్రాగిన రైతుల కథలు ఈ మైదానము మరువలేదు. 2021-22లో నల్లతామర పురుగు మిరపతోటలపై పడి పూతను మాడ్చినప్పుడు మరల అదే భయము గుమ్మములోనికి వచ్చినది. అట్టి యేట ఒక కౌలురైతును ఈ తొమ్మిది ప్రశ్నలు అడిగి ఇరువది యంకె వచ్చినదనుకొందము. అది ఆతని మెదడులోని లోపమా, మెడమీది అప్పా? పట్టిక చెప్పలేదు, చెప్పుట దాని పని కాదు. ఆతనికి నిద్రకు మందును కావలెను, అప్పునకు గడువును కావలెను. అంకె చూచి మందు మాత్రమిచ్చి పంపువాడు సగము వైద్యుడు; అప్పు తీరిన అన్నియు తీరునని మందు మాన్పించువాడు సగము బంధువు. చావు తలపును గూర్చి అడిగినచో లేనితలపు పుట్టునని మనవారు జంకుదురు. అది తప్పు. మెల్లగా, నేరుగా అడుగుటవలన తలపు పుట్టదు, బరువు తగ్గును. ప్రాణము తీసికొనబోయినవానిని నేరస్థునిగా గాక తీవ్రవేదనలో నున్నవానిగా భావింపవలెనని 2017 నాటి మానసికారోగ్య చట్టమే చెప్పినది. ఏ వేళనైనను ఉచితముగా మాటలాడుటకు 14416 అను ప్రభుత్వ టెలిఫోను సంఖ్య కలదు. పంచాంగముప్రక్కన గోడపై దీనిని వ్రాసియుంచుడు.

చివరకు, ఈ ప్రాంతమునకు పేరు తెచ్చిన వసతికళాశాలల మాట. ప్రత్తి, మిరప అమ్మిన సొమ్ము ఇప్పుడు అధికముగా అక్కడికే పోవుచున్నది. వారమువారము పరీక్ష, మార్కులనుబట్టి సెక్షను, సెక్షనునుబట్టి గౌరవము. ఇదియు నొక మనఃపరీక్షయే; దీనిలో బిడ్డ ప్రతి ఆదివారము క్రొత్తగా తూగవలెను. అంకె తప్పుకావచ్చునన్న యెరుక కూడ అక్కడ లేదు. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో తప్పులు దొర్లిన మాట విచారణలో తేలినది. విశాఖపట్టణమున వైద్యవిద్యాప్రవేశమునకు చదువుచు 2023లో మరణించిన యొక విద్యార్థిని విషయమున, 2025 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము దేశమంతటికిని మార్గదర్శకములు విధించినది. నూరుగురు విద్యార్థులు గాని అంతకు మించి గాని యున్న ప్రతి సంస్థయు అర్హతగల సలహాదారునో, మనశ్శాస్త్రజ్ఞునో, సంఘసేవకునో నియమింపవలెను, మార్కులనుబట్టి పిల్లలను వేరుచేయరాదు, నలుగురిలో అవమానింపరాదు.

ఆజ్ఞ మంచిదే. కాని నియమింపబడిన యా సలహాదారు ఎవరికి జవాబుదారి? పిల్ల కన్నీటితో చెప్పుకొన్న మాటను యాజమాన్యపు బల్లపై పెట్టువాడైనచో ఆతడు సలహాదారు కాడు, వేగులవాడు. ఆడపిల్ల విషయమున ఇది మఱియు దారుణము. పదునేడవయేట దిగులుపట్టికలో వచ్చిన యంకె ఇరువదిరెండవయేట పెండ్లిచూపులకు వచ్చి కూర్చుండును. ఈ భయముచేతనే తల్లులు బిడ్డలను పరీక్షలకు దూరముంచుచున్నారు. ఈ భయము నేను తప్పనను. దానిని పోగొట్టవలసినవారు తల్లులు గారు, రహస్యమును కాపాడవలసినవారు.

కావున, తల్లులారా, తండ్రులారా, మీ బిడ్డను పరీక్షింపవచ్చిన వానిని ముందు మీరు పరీక్షింపుడు. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. విత్తనము కొనునప్పుడు సంచిమీది చీటీ చదువరా? అయ్యా, మీ యర్హత యేమి? భారత పునరావాసమండలిలో మీ పేరు నమోదైనదా? ఈ పరీక్ష ఏ పిల్లలపై, ఏ భాషలో ప్రమాణీకరింపబడినది? చూపు, వినికిడి చూచితిరా? మాతో, ఉపాధ్యాయునితో మాటలాడితిరా? ఈ కాగితమును ఎవరెవరు చదువుదురు? ఈ యంకె వచ్చిన పిమ్మట మా బిడ్డకు రేపటి యుదయమున ఏమి సాయము చేయవలెను? ఈ చివరి ప్రశ్నకు జవాబు లేని పరీక్షకు డబ్బు చెల్లింపకుడు. సాయమునకు దారితీయని కొలత వట్టి కుతూహలము. అందునను బిడ్డ ఖరీదుపై తీర్చుకొను కుతూహలము.

మంచి సలహాదారునివద్ద పరీక్ష మాటలకు తరువాత వచ్చును, మాటలకు బదులుగా రాదు. ఆతడు ముందు వినును, పిమ్మట అడుగును, ఆ పిమ్మటనే కొలుచును, కొలిచినదానిని ఇంటిభాషలో విడమరచి చెప్పును, ఆరునెలలకో యేడాదికో మరల చూచును. అట్టివారు మన యూళ్లలో చాల కొద్దిమంది. వారిని పెంచుమని ప్రభుత్వమును, బడులను, విశ్వవిద్యాలయములను అడుగుట మన హక్కు. తెనుగుబిడ్డలపై, అందును పల్లెబిడ్డలపై, తెనుగులోనే ప్రమాణము కట్టిన పరీక్షలు ప్రతి మండలమునకు చేరవలెనని అడుగుట మన హక్కు. వ్రేలిముద్రలకు వేలు పోయుట మాని ఈ యడుగుటకు నోరు విప్పుదము.

యార్డులో తాలని త్రోసిన కాయకు కూడ ఒక ధర కలదు. దానిని కొనువారు కలరు. మనుష్యబిడ్డకు ధర కట్టుటకు ఏ కాటాయు లేదు. నాటి ఆ చిన్నవాడు ఇప్పుడు చెవికి యంత్రము పెట్టుకొని బడికి పోవుచున్నాడు. మొన్న వాని తాత నన్ను చూచి, "నేను ఆ మాట అనకుండా ఉండాల్సిందండీ" అనెను. అందరి తాతలకును అట్లు చింతించు నవకాశము దొరకదు. మనము ఆ మాట అనకముందే ఆగుదము.